గాలి ఎక్కడి నుంచి వస్తోంది: టర్బో, ఎన్‌ఏ ఇంజిన్ల మధ్య అసలు తేడా

2015లో ఫెరారీ 488 జీటీబీ అనే కారును విడుదల చేసింది. దానికి ముందున్న 458 ఇటాలియాలో 4.5 లీటర్ల వీ8 ఇంజిన్ ఉండేది. అది 9,000 ఆర్‌పీఎం దగ్గర, అంటే నిమిషానికి అన్ని చుట్లు తిరిగేటప్పుడు, 570 హార్స్‌పవర్ ఇచ్చేది. కొత్త కారులో ఇంజిన్ 3.9 లీటర్లకు తగ్గింది, దానికి గాలిని నొక్కి ఇంజిన్‌లోకి పంపే రెండు టర్బోచార్జర్లు తోడయ్యాయి, శక్తి 670 హార్స్‌పవర్‌కు పెరిగింది. ఫియొరానోలోని సొంత ట్రాక్ మీద 458 ఒక చుట్టు తిరగడానికి 1 నిమిషం 25 సెకన్లు పడితే, 488 అదే చుట్టును 1 నిమిషం 23 సెకన్లలో ముగించింది. అంకెలు చూస్తే వాదనకు తావే లేదు. అయినా ఈ రెండింటిలో ఏ ఇంజిన్ గొప్పదని అడిగితే కార్ల ప్రియులు ఇప్పటికీ రెండు పక్షాలుగా చీలిపోతారు, ఓడిన కారు వైపు నిలబడేవాళ్లు తక్కువేమీ కాదు. ఇది కేవలం పాతదాని మీద మమకారమని కొట్టిపారేయడం సరికాదని నా అభిప్రాయం. ఎందుకో తెలియాలంటే ఇంజిన్‌లోకి గాలి ఎలా వస్తుందో ముందుగా చూడాలి.

ఇంజిన్‌కు పెట్రోలు అందించడం పెద్ద పని కాదు. ఇంజెక్టర్‌ను మరికొంత సేపు తెరిచి ఉంచితే చాలు, ఎంత కావాలంటే అంత పడుతుంది. కష్టమంతా గాలి దగ్గరే. ఒక కిలో పెట్రోలు పూర్తిగా మండడానికి సుమారు 14.7 కిలోల గాలి కావాలి. కమ్మరి కొలిమిలో బొగ్గు ఎంత పోసినా తిత్తి ఊదితేనే ఇనుము ఎర్రబడుతుంది. అలాగే ఇంజిన్ శక్తి అది ఎంత పెట్రోలు తాగుతుందన్న దానికన్నా ఎంత గాలి పీల్చుకుంటుందన్న దాని మీదే ఆధారపడి ఉంటుంది.

టర్బో లేని ఇంజిన్‌ను నేచురల్లీ ఆస్పిరేటెడ్ అంటారు. ఎన్‌ఏ అన్నది వాడుకలో దాని పొట్టి పేరు. ఇందులో పిస్టన్ కిందికి దిగినప్పుడు సిలిండర్‌లో ఖాళీ ఏర్పడుతుంది, బయటి వాతావరణ పీడనం గాలిని ఆ ఖాళీలోకి నెడుతుంది. అంతకు మించి నెట్టేది ఏదీ లేదు. కాబట్టి ఒక్కో శ్వాసలో సిలిండర్ నిండడమే గొప్ప, పొంగిపొర్లే అవకాశం దాదాపుగా లేదు. ఫోర్ స్ట్రోక్ ఇంజిన్ రెండు చుట్లకు ఒకసారి శ్వాస తీసుకుంటుంది గనుక, 4.5 లీటర్ల 458 ఇంజిన్ 3,000 ఆర్‌పీఎం వద్ద సెకనుకు సుమారు 112 లీటర్ల గాలిని, 9,000 వద్ద సుమారు 337 లీటర్ల గాలిని లోపలికి తీసుకోగలదు. శక్తి కావాలంటే ఇంజిన్‌ను పెద్దది చేయాలి, లేదా వేగంగా తిప్పాలి. ఎన్‌ఏ ఇంజిన్‌కు ఉన్నవి ప్రధానంగా ఈ రెండు దారులే.

రెండో దారిలో మనిషి ఎంత దూరం వెళ్లగలడో హోండా 1999లో ఎస్2000 కారుతో చూపించింది. కేవలం రెండు లీటర్ల ఇంజిన్ నుంచి, టర్బో సాయం ఏమీ లేకుండా, జపాన్ మోడల్‌లో 8,300 ఆర్‌పీఎం వద్ద 250 హార్స్‌పవర్ తీశారు. అంత వేగంలో పిస్టన్ ప్రతి సెకనుకూ వంద సార్లకు పైగా పైకీ కిందికీ పోయి వస్తుంది. ప్రతి మలుపులోనూ అది పూర్తిగా ఆగి, దిశ మార్చుకుని, మళ్లీ పరుగు అందుకోవాలి. పిస్టన్లు తేలికగా ఉండాలి, కనెక్టింగ్ రాడ్లు తెగకూడదు, వాల్వ్ స్ప్రింగులు, వాల్వులను తెరిచే క్యామ్ వెనకాల తడబడకుండా పరిగెత్తాలి. మంచి ఎన్‌ఏ ఇంజిన్ ఖరీదైనది కావడానికి కారణం ఇదే: అందులో ప్రతి భాగమూ గాలి కోసమే పరుగు తీస్తోంది. ఇంత చేసినా ఒక హద్దు మాత్రం కదలదు. 458 టార్క్, అంటే ఇంజిన్ తిప్పే బలం, 540 న్యూటన్ మీటర్లు, లీటరుకు 120. 2021లో వచ్చిన పోర్షె 911 జీటీ3 నాలుగు లీటర్ల ఇంజిన్ టార్క్ 470, అంటే లీటరుకు దాదాపు 118. ప్రపంచంలోని గొప్ప ఇంజినీర్లు చేతనైనదంతా చేసినా ఎన్‌ఏ ఇంజిన్ ఆ చుట్టుపక్కలే ఆగుతుంది, ఎందుకంటే వాతావరణ పీడనం ఎవరి మాటా వినదు.

టర్బోచార్జర్ ఆ హద్దును దాటే సాధనం. పెట్రోలు మండగా వచ్చే శక్తిలో సుమారు మూడో వంతు మాత్రమే చక్రాల వైపు వెళుతుంది, దాదాపు మరో మూడో వంతు వేడి పొగ రూపంలో సైలెన్సర్ దారిన పోతుంది. ఆ పొగను ఊరికే వదిలేయకుండా దానితోనే గాలిని కూర్చి ఇంజిన్‌లోకి పంపవచ్చని స్విట్జర్లాండ్ ఇంజినీర్ ఆల్‌ఫ్రెడ్ బూహి 1905లోనే పేటెంట్ తీసుకున్నాడు. చిన్న కారు టర్బోను విప్పి చూస్తే, రెండు నత్తగుల్లలను వీపు వీపు కలిపి పెట్టినట్టుంటుంది. మధ్యలో వేలెడంత మందం కూడా లేని ఒకే ఇరుసు, దానికి అటొక చక్రం, ఇటొక చక్రం. ఒక చక్రాన్ని ఎర్రగా కాలిన పొగ తిప్పుతుంది, పెట్రోలు ఇంజిన్లలో ఆ పొగ వేడి 900 డిగ్రీల సెల్సియస్ దాటడం మామూలే. అదే ఇరుసు మీద ఉన్న రెండో చక్రం బయటి గాలిని లాగి, నొక్కి, ఇంజిన్ వైపు తోస్తుంది. చాలా కార్లలో ఆ ఇరుసును ఇనుము మీద ఇనుము ఆనకుండా మోసేది పలుచని నూనె పొరే. దాని వేగం నిమిషానికి లక్షన్నర చుట్లు కూడా దాటుతుంది. కొలిమి పొగతోనే కొలిమి తిత్తిని ఊదించడం వంటిది ఈ ఏర్పాటు. 488లో టార్క్ 760 న్యూటన్ మీటర్లు, అదీ 3,000 ఆర్‌పీఎం దగ్గరే. లీటరుకు లెక్కేస్తే 195. ఎన్‌ఏ ఇంజిన్ అందుకోలేని మెట్టు ఇది.

దీన్ని చూసి టర్బో ఇచ్చేది ఉచిత శక్తి అని చాలామంది అంటారు. ఆ మాటలో సగమే నిజం ఉంది. పొగ దారిలో ఒక చక్రాన్ని అడ్డుపెట్టాక, పొగను బయటికి నెట్టడానికి పిస్టన్ ఇంకాస్త కష్టపడాలి. అంతకన్నా పెద్ద మూల్యం వేడి. సైకిల్ పంపు నాలుగుసార్లు గట్టిగా కొట్టి దాని మొదలు పట్టుకుంటే చేతికి తెలుస్తుంది: గాలిని నొక్కితే అది వేడెక్కుతుంది. 30 డిగ్రీల గాలిని రెట్టింపు పీడనానికి నొక్కితే దాని వేడి వంద డిగ్రీలు దాటిపోతుంది. అంత వేడి గాలిని సిలిండర్‌లో మళ్లీ నొక్కినప్పుడు, స్పార్క్ మంట పూర్తిగా వ్యాపించేలోపే మిగిలిన మిశ్రమం తనంతట తానే భగ్గుమంటుంది. మెకానిక్కులు నాకింగ్ అనే ఆ టకటక శబ్దం పిస్టన్ మీద సుత్తి దెబ్బ వంటిది. దాన్ని తప్పించడానికి నొక్కిన గాలిని ఇంటర్‌కూలర్‌లో చల్లార్చాలి, ఆపైన సిలిండర్‌లోని కంప్రెషన్‌ను, అంటే పిస్టన్ గాలిని నొక్కే మేరను, కూడా తగ్గించుకోవాలి. 458లో కంప్రెషన్ నిష్పత్తి 12.5 కాగా 488లో అది 9.4. టర్బో పూర్తిగా ఊదని వేళల్లో ఆ తగ్గింపు ఇంజిన్‌ను కొంత మందకొడిగా చేస్తుంది.

మన వాతావరణంలో ఈ వేడి లెక్కను తేలిగ్గా తీసుకోకూడదు. రెంటచింతలలో మే నెల మధ్యాహ్నం 45 డిగ్రీల గాలి, 15 డిగ్రీల గాలికన్నా దాదాపు తొమ్మిది శాతం పలుచగా ఉంటుంది. ఎన్‌ఏ ఇంజిన్ ఆ మేరకు శక్తిని వెంటనే కోల్పోతుంది. టర్బో ఇంకొంచెం గట్టిగా ఊది ఆ లోటును పూడ్చగలదు గానీ, అలా ఊదే కొద్దీ గాలి మరింత వేడెక్కుతుంది, ఇంటర్‌కూలర్ చల్లార్చలేని స్థితి వస్తే కంప్యూటర్ స్పార్క్‌ను ఆలస్యం చేసి శక్తిని తగ్గిస్తుంది. ట్రాఫిక్‌లో చాలాసేపు నిలిచిన టర్బో కారు, దారి దొరికాక మొదటి కొద్ది నిమిషాలు ఉదయపు హుషారు చూపకపోవడానికి ఒక కారణం ఇదే.

ఇక అసలు పేచీ కాలంతో వస్తుంది. ఎన్‌ఏ ఇంజిన్‌లో యాక్సిలరేటర్ నొక్కితే గాలి తలుపు తెరుచుకుంటుంది, బయట సిద్ధంగా ఉన్న వాతావరణం రెప్పపాటులో లోపలికి దూరుతుంది. టర్బోలో గాలి సిద్ధంగా ఉండదు, దాన్ని తయారు చేసుకోవాలి. ముందు కాస్త పెట్రోలు మండాలి, పొగ పెరగాలి, ఆ పొగ చక్రాన్ని వేగం అందుకునేలా చేయాలి, చక్రం నొక్కిన గాలి గొట్టాలనూ ఇంటర్‌కూలర్‌నూ నింపాలి, అప్పుడు గానీ సిలిండర్‌కు అందదు. ఈ ఆలస్యమే టర్బో ల్యాగ్. అనంతగిరి ఘాట్‌లో అరకు వైపు ఎక్కుతూ, ఒక లీటర్ టర్బో ఇంజిన్ ఉన్న కారును హెయిర్‌పిన్ మలుపులో రెండో గేరులో తిప్పుతున్నామనుకోండి. మలుపు మధ్యలో ఇంజిన్ వేగం 1,500కు పడిపోతుంది. బయటికి వస్తూ కాలు నొక్కుతాం. ఒక క్షణం కారు ఏమీ పట్టనట్టు ఉంటుంది. కాలు ఇంకొంచెం లోపలికి వెళుతుంది. సరిగ్గా అప్పుడు ఊపు ఒక్కసారిగా వస్తుంది, మనం అడిగిన దానికన్నా ఎక్కువగా వస్తుంది. మామూలు కారులో ఇది చిన్న అసౌకర్యం. వెనక చక్రాలకు వందల హార్స్‌పవర్ వెళ్లే కారులో ఇది ప్రాణం మీదికి తెచ్చే విషయం.

1975లో మార్కెట్లోకి వచ్చిన మొదటి పోర్షె 911 టర్బోకు చెడ్డ పేరు ఊరికే రాలేదు. మూడు లీటర్ల ఇంజిన్, 260 హార్స్‌పవర్, బరువంతా వెనక ఇరుసు మీద. మలుపులో శక్తి రావడం లేదని కాలు గట్టిగా నొక్కిన డ్రైవరుకు మలుపు ముగిసేలోపు మొత్తం టార్క్ ఒకేసారి వచ్చిపడేది. వెనక చక్రాలు జారడం చూసి బెదిరి కాలు తీస్తే బరువు ముందుకు మారి కారు గిర్రున తిరిగేది. ఇల్లాళ్లను వితంతువులను చేసే కారని దానికి పేరు పడింది. తప్పు శక్తి ఎక్కువ కావడంలో లేదు, ఎప్పుడు వస్తుందో తెలియకపోవడంలో ఉంది. టైరు పట్టు అంచున కారును నడిపేవాడికి కావలసింది కాలికీ చక్రానికీ మధ్య నమ్మకం. కాలు ఒక అంగుళం కదిలితే చక్రం మీద ఎంత బలం పడుతుందో ముందే తెలియాలి. 458 వైపు నిలబడేవాళ్లు రెండు సెకన్ల ఓటమిని లెక్కచేయకపోవడానికి మూలం ఈ నమ్మకమే.

ఫెరారీ ఇంజినీర్లకు కూడా ఈ సంగతి బాగా తెలుసు, అందుకు సాక్ష్యం 488లోనే ఉంది. ఆ ఇంజిన్‌లో పొగ తిప్పే టర్బైన్ చక్రాలను మామూలు లోహంతో కాక టైటానియం, అల్యూమినియం కలిసిన తేలికైన మిశ్రమలోహంతో చేశారు, ఇరుసును బాల్ బేరింగుల మీద తిప్పారు, చక్రం త్వరగా వేగం అందుకోవాలన్నదే ఆ ఖర్చంతటికీ కారణం. అంతకన్నా ఆశ్చర్యకరమైనది ఇంకొకటి. 760 న్యూటన్ మీటర్ల పూర్తి టార్క్‌ను వాళ్లు ఏడో గేరులో తప్ప ఇవ్వలేదు. కింది గేర్లలో కంప్యూటర్ టార్క్‌ను కావాలనే కోసి, ఆర్‌పీఎం పెరిగే కొద్దీ ఊపు పెరుగుతున్నట్టు మలిచింది. చేతిలో ఉన్న బలాన్ని దాచిపెట్టి, టర్బో ఇంజిన్‌కు ఎన్‌ఏ ఇంజిన్ నడక నేర్పారన్నమాట. మామూలుగా టర్బో ఇంజిన్ బలం ముందే వచ్చి పైకి పోయే కొద్దీ సన్నగిల్లుతుంది: 488 విషయంలోనే 3,000 వద్ద 760 ఉన్న టార్క్, 670 హార్స్‌పవర్ వచ్చే 8,000 ఆర్‌పీఎం వద్దకు చేరేసరికి, శక్తి లెక్క ప్రకారం సుమారు 588కి దిగుతుంది. ఎన్‌ఏ ఇంజిన్‌లో పైకి వెళ్లే కొద్దీ ఏదో దొరుకుతుందన్న ఆశ చివరిదాకా ఉంటుంది. ఆ ఆశ డ్రైవరుకు ఎంత ముఖ్యమో గుర్తించి, దాన్ని కృత్రిమంగానైనా తిరిగి తెచ్చిన ఈ పనిని నేను మోసంగా చూడను, చాలా నిజాయితీ గల ఒప్పుకోలుగా చూస్తాను.

మరి ఇంత కష్టం ఎందుకు? పాత ఇంజిన్‌నే ఉంచుకోవచ్చు కదా అని ఎవరైనా అడగవచ్చు. జవాబు చాలావరకు నిబంధనల్లో ఉంది. ప్రభుత్వాలూ, రేసుల నిర్వాహకులూ ఇంజిన్‌ను లీటర్లలో కొలుస్తారు, టర్బో మాత్రం లీటర్లు పెంచకుండానే గాలిని పెంచుతుంది. ఫార్ములా వన్ నిబంధనలు ఒకప్పుడు మూడు లీటర్ల ఎన్‌ఏ ఇంజిన్‌నో, ఒకటిన్నర లీటర్ల టర్బో ఇంజిన్‌నో వాడుకోవచ్చని చెప్పేవి. సగం సైజుతో గెలవడం అసాధ్యమని అందరూ అనుకుంటున్న రోజుల్లో 1977లో సిల్వర్‌స్టోన్‌కు రెనో తన టర్బో కారును తెచ్చింది, అది తరచూ పొగ కక్కుతూ ఆగిపోవడంతో పసుపు టీ కెటిల్ అని దాన్ని వెక్కిరించారు. రెండేళ్లకు, 1979లో, దిజాన్‌లో జబూయ్ అనే డ్రైవరు అదే సంస్థ కారుతో ఫ్రెంచ్ గ్రాండ్ ప్రి గెలిచాడు. 1980ల మధ్యకు క్వాలిఫైయింగ్‌లో ఆ ఒకటిన్నర లీటర్ల ఇంజిన్లు వెయ్యి హార్స్‌పవర్ దాటాయి. 1988లో టర్బో హోండా ఇంజిన్ అమర్చిన మెక్‌లారెన్ 16 రేసుల్లో 15 గెలిచింది, ఆ మరుసటి ఏడాది నుంచి టర్బోలను నిషేధించారు. 2014లో అవే టర్బోలు హైబ్రిడ్ రూపంలో ఫార్ములా వన్‌కు తిరిగి వచ్చాయి.

రోడ్డు కార్లదీ ఇదే కథ. ఇటలీలో రెండు లీటర్లు దాటిన కార్లకు పన్ను బాగా ఎక్కువగా ఉండేది గనుక, ఫెరారీ 1982లో 208 జీటీబీ టర్బో అనే రెండు లీటర్ల కారును తెచ్చింది. ఆ సంస్థ రోడ్డు మీదికి పంపిన మొదటి టర్బో కారు అదే. మన దేశంలో నాలుగు మీటర్ల లోపు పొడవు, 1,200 సీసీ లోపు పెట్రోలు ఇంజిన్ ఉన్న కార్లకు పన్ను తక్కువ, హుషారైన ఒక లీటర్ టర్బోలు మన షోరూముల్లో వరుసకట్టడానికి పెద్ద కారణం అదే. హ్యుందాయ్ ఐ20నే తీసుకుంటే, 1.2 లీటర్ల ఎన్‌ఏ ఇంజిన్ 115 న్యూటన్ మీటర్ల టార్క్ ఇస్తే, దానికన్నా చిన్నదైన ఒక లీటర్ టర్బో 172 ఇస్తుంది. ఫియొరానోలో జరిగిన లెక్కే కూకట్‌పల్లిలోనూ జరుగుతోంది.

యూరప్‌లో ఇటీవలి ఒత్తిడి కార్బన్ డయాక్సైడ్ పరిమితులది. అధికారిక పరీక్షలో 458 కిలోమీటరుకు 307 గ్రాములు వదిలితే 488 వదిలింది 260. చిన్న ఇంజిన్ మెల్లగా నడిచేటప్పుడు తక్కువ తాగుతుందన్నది నిజమే. కాలు పూర్తిగా నొక్కి నడిపితే మాత్రం ఆ పొదుపు కరిగిపోతుంది, ఎందుకంటే మరీ వేడెక్కిన టర్బైన్‌ను కాపాడుకోవడానికి చాలా ఇంజిన్లు అవసరానికి మించి పెట్రోలు చల్లి ఆ తడితో పొగను చల్లబరుస్తాయి. టర్బో కారు కొన్నవాళ్లు కంపెనీ చెప్పిన మైలేజీ రావడం లేదని బాధపడేటప్పుడు, తమ కాలు ఎంత లోతుకు వెళుతోందో కూడా ఒకసారి గమనించుకోవాలి.

టర్బోకు ఎదురులేని చోటు ఒకటుంది: ఎత్తు. లద్దాఖ్‌లోని ఖర్దుంగ్ లా సుమారు 5,360 మీటర్ల ఎత్తున ఉంది, అక్కడ గాలి పీడనం సముద్ర మట్టంతో పోలిస్తే సగం దగ్గరే ఉంటుంది. ఎన్‌ఏ ఇంజిన్ బలం కూడా దాదాపు సగానికి పడిపోతుంది, దాన్ని ఆపే ఉపాయం డ్రైవరు చేతిలో లేదు. టర్బో తన చక్రాన్ని మరింత వేగంగా తిప్పి ఆ నష్టంలో చాలా భాగం పూడుస్తుంది. అమెరికాలో విమానాల కోసం టర్బోను మొదట పరీక్షించింది కూడా కొండ మీదే: 1918లో ఇంజినీర్ శాన్‌ఫర్డ్ మాస్ బృందం ఒక లిబర్టీ విమాన ఇంజిన్‌ను కొలరాడోలోని పైక్స్ పీక్ మీదికి, 14,000 అడుగుల ఎత్తుకు, మోసుకెళ్లి అక్కడి పలుచని గాలిలో దాన్ని నడిపి చూసింది.

శబ్దం సంగతి క్లుప్తంగా చెప్పుకోవచ్చు. పొగ దారిలో తిరిగే చక్రం ఆ పొగ తరంగాల పదును విరిచేస్తుంది, అందువల్ల టర్బో ఇంజిన్ గొంతు బరువుగా, మూసుకుపోయినట్టు ఉంటుంది. లెక్సస్ ఎల్ఎఫ్ఏ వంటి ఎన్‌ఏ వీ10 తొమ్మిది వేల ఆర్‌పీఎం దాకా ఎక్కుతూ పలికే శ్రుతిని టర్బోతో రాబట్టడం చాలా కష్టం. అలాగే ఇంజిన్‌కు తర్వాత శక్తి పెంచుకోవాలనుకునేవాళ్లకు టర్బోయే అనువు: కంప్యూటర్‌లో కొన్ని అంకెలు మార్చి గాలి ఒత్తిడి పెంచితే చెప్పుకోదగ్గ తేడా వస్తుంది, ఎన్‌ఏలో అదే తేడా రావాలంటే ఇంజిన్‌ను విప్పాల్సిందే. కానీ పెంచిన ప్రతి హార్స్‌పవర్ వెంటా వేడి వస్తుందని, దాన్ని మోయాల్సింది అవే పిస్టన్లని మరిచిపోకూడదు.

రోజూ నడిపే కారుకు నేను టర్బోనే ఎంచుకోమంటాను. తక్కువ ఆర్‌పీఎంలో దొరికే బలం ఓవర్‌టేక్ చేసేటప్పుడు నిజమైన భద్రత. ట్రాక్ మీద డ్రైవింగ్ నేర్చుకోవాలనుకునేవారికి మాత్రం ఎన్‌ఏ ఇంజిన్‌ను మించిన గురువు లేదని నమ్ముతాను, తప్పు చేస్తే అది వెంటనే చెబుతుంది, సరిగ్గా చేస్తే వెంటనే ఫలితం ఇస్తుంది. పోర్షె సంస్థ ఒకే 911 పేరు మీద టర్బోనూ, 9,000 ఆర్‌పీఎం దాకా తిరిగే ఎన్‌ఏ జీటీ3నీ పక్కపక్కనే అమ్మడం ఈ రెండు అవసరాలూ వేరన్న సంగతికి గుర్తు.

2024లో ఈ కథ కొత్త మలుపు తిరిగింది, ఎలక్ట్రిక్ మోటారు వల్ల. పోర్షె 911 కరెరా జీటీఎస్‌లో 3.6 లీటర్ల ఇంజిన్‌కు రెండు టర్బోల బదులు ఒకే టర్బో పెట్టి, దాని ఇరుసు మీదే ఒక చిన్న మోటారును అమర్చారు. పొగ పెరిగేదాకా ఆగకుండా ఆ మోటారే చక్రాన్ని తిప్పేస్తుంది, పొగ ఎక్కువైనప్పుడు అదే మోటారు డైనమోగా మారి కరెంటు పుట్టిస్తుంది. అదే ఏడాది బుగాటి, వేరాన్ కాలం నుంచి, అంటే 2005 నుంచి, తన ఇంజిన్లకు అమర్చుకుంటూ వచ్చిన నాలుగు టర్బోలనూ తీసేసి, టూర్బియాన్ కారులో 8.3 లీటర్ల ఎన్‌ఏ వీ16ను ప్రవేశపెట్టింది. అక్కడ కింది ఆర్‌పీఎంలో లోటును మూడు ఎలక్ట్రిక్ మోటార్లు నేరుగా చక్రాల దగ్గరే పూడుస్తాయి, ఇంజిన్ మాత్రం మిగిలిన పనిని తన సొంత ఊపిరితోనే 9,000 దాకా తిరుగుతూ చేస్తుంది. ఒక కారులో మోటారు టర్బో ల్యాగ్‌ను తొలగించడానికి వచ్చింది, ఇంకో కారులో టర్బోనే తొలగించడానికి వచ్చింది.